నిచ్చెన మీద అంకెలు

మా ధవళేశ్వరం వాళ్ళకి కొలతలు కొత్తేం కాదు. వానాకాలం వచ్చిందంటే పొద్దున్నే కాఫీ గ్లాసుతో గుమ్మంలోకొచ్చి, "గోదారి ఎన్నడుగులుందిట?" అని పక్కింటావిణ్ణి అడక్కపోతే మాకు తోచదు. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75కి మూడోది. రెండోది దాటినా మేం అట్లు పోసుకుంటూనే ఉంటాం.

కానీ సుఖాన్ని కూడా కొలుస్తారని మా ఆడపడుచు కూతురు చెప్పేదాకా నాకు తెలీదు. ఎం.ఎడ్. చదువుతోందది. ఏజెన్సీ పిల్లలూ, మన మైదానం పిల్లలూ ఎంత సుఖంగా ఉన్నారో పోల్చి రాయాలిట.

"ఇదిగో అత్తయ్యా, నిచ్చెన. అడుగున సున్నా, పైన పది. కాంట్రిల్ అని ఓ అమెరికా ఆయన 1965లో పెట్టిన కొలత. నువ్వే మెట్టు మీదున్నావు?"

"పప్పు మాడకపోతే ఏడు" అన్నాను.

రంపచోడవరం వైపు ఆశ్రమ పాఠశాల పిల్లలు కాటన్ మ్యూజియం చూడ్డానికి వచ్చిననాడు, కాగితాలు పంచడానికి నన్నూ లాక్కుపోయింది. అందరూ పది వేసేశారు! ఆహా అనుకుని తలెత్తితే, వాళ్ళ వెనకాలే మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన్ని టీకి పంపి కొత్త కాగితాలిచ్చాం. పదులు కాస్తా ఆరులూ, నాలుగులూ అయ్యాయి.

ఓ కోయపిల్ల "సంతృప్తి అంటే ఏంటండీ?" అంది. "కడుపు నిండినట్టుండడమే అమ్మా" అన్నాను తెలివిగా. "అన్నం తిన్నానండీ" అని 'అవును' మీద టిక్కు పెట్టేసింది. ఇహ నేను అర్థాలు చెప్పడం మానేశాను.

చివర్లో ఒక కుర్రాడు మాత్రం కలం కదపలేదు. 'మీ ఊళ్ళో నీకు ఎలా ఉంది?' అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"ఏ ఊరండీ?" అన్నాడు.

దేవీపట్నం మండలం వాడు. పోలవరం కాఫర్‌డ్యాం కట్టాక వెనక్కి తన్నిన వరదలో ములిగింది ఒక ఊరు, ఇప్పుడుంటున్న కాలనీ ఇంకో ఊరు. "పాతదానికైతే తొమ్మిదండీ" అన్నాడు. రెండోదానికి ఏమీ అనలేదు. కాగితం మీద గడి ఒక్కటే ఉంది.

2022 జూలైలో మూడో హెచ్చరిక వచ్చిన్నాడు మేమంతా గట్టు మీదకెళ్ళి గోదారిని చూసొచ్చాం. మొక్కజొన్నపొత్తులు కూడా తిన్నాం. ఆ పిల్లాడికి ఆ మాట చెప్పలేదు.

దార్లో అది అంది: "న్యూజిలాండులో మేసన్ డ్యూరీ అనే మావోరీ డాక్టరు 1984లో ఆరోగ్యాన్ని నాలుగు గోడల ఇంటితో పోల్చాడు అత్తయ్యా. ఒళ్ళు, మనసు, కుటుంబం, ఆత్మ. తమ కొలత తామే చేసుకున్నారు."

"ఇల్లే ములిగినవాడికో?" అన్నాను. అది మాట్లాడలేదు.

ఆ రాత్రి మా మనవడి స్కేలు తీసుకుని ప్రతి కాగితం మీదా రెండో గడి గీస్తూ కూచుంది. వాడు ఇంటర్మీడియెట్. హాస్టల్నించి సెలవులకొచ్చాడు. వాడికేం, ఏసీ క్లాసు రూములు, లక్షల్లో ఫీజు అని నలుగుర్లో చెప్పుకుంటూంటాను.

"హాస్టలుకొకటీ, ఇంటికొకటీ వెయ్యొచ్చా?" అని అడిగి ఒక కాగితం తీసుకున్నాడు. రాసి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి పడుకున్నాడు.

పోపులడబ్బా కింద పెట్టాను. ఇంకా విప్పి చూళ్ళేదు.