దిబ్బ లెక్క వేరు, మడుగు లెక్క వేరు

గోబర్ గ్యాస్ ప్లాంట్లున్న ఇళ్లకు వెళ్లి, అవి నిజంగా నడుస్తున్నాయో లేదో చూసి రాయడం నా పని. ఆ కాగితాల ఆధారంగానే కార్బన్ క్రెడిట్లు మంజూరవుతాయి. ఒక క్రెడిట్ అంటే గాలిలో కలవకుండా ఆగిన ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు, లేదా అంత వేడిని పెంచే మరో వాయువు. ఎక్కడో ఒక కంపెనీ ఆ క్రెడిట్‌ను కొని, తాను వదిలిన పొగకు బదులుగా చూపించుకుంటుంది. కాబట్టి ఇక్కడ వెలగని పొయ్యిని వెలిగిందని రాస్తే, అక్కడి పొగకు లెక్క చెప్పేవాడే ఉండడు.

మాది ఎత్తిపోతల దగ్గరి పల్లె. జలపాతం చూడ్డానికి వచ్చినవాళ్లు చంద్రవంక దూకే చోట ఫొటోలు దిగి వెళ్లిపోతారు. రోడ్డు దిగి పల్లెల్లోకీ తండాల్లోకీ వస్తే పత్తి చేలు, మిరప చేలు, ఇంటి వెనక పాకలో బర్రెలు, పక్కనే పేడదిబ్బ కనిపిస్తాయి. గోబర్ గ్యాస్ మన రైతులకు కొత్త కాదు. 1981-82లో కేంద్రం దానికి జాతీయ పథకం పెట్టింది. 1984లో దీనబంధు నమూనా వచ్చింది. ఇనుప డ్రమ్ము అక్కర్లేకుండా భూమిలో ఇటుకలతో గుమ్మటంలా కట్టేస్తారు, ఖర్చు తగ్గుతుంది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, దాదాపు అన్నే నీళ్లు కావాలి. నాలుగైదు పశువులున్న ఇంటికే అది సాగుతుంది.

ఏ ఇంటికి వెళ్లినా నేను ముందు ఫారం తీయను. పేడ కలిపే తొట్టి చూస్తాను. తడిగా ఉంటే పొద్దున కలిపినట్టు. పెచ్చులు కట్టి ఉంటే చాలా రోజులుగా ఎవరూ ముట్టుకోనట్టు. తర్వాత స్లర్రీ బయటికొచ్చే తొట్టి, ఆపైన వంటిల్లు. వంటింట్లో గిన్నెల అడుగులను మించిన సాక్ష్యం లేదు. గ్యాసు మీద వండిన గిన్నె అడుగు శుభ్రంగా ఉంటుంది, కట్టెల పొయ్యి మీద పెట్టింది మసి పడుతుంది. ఒక ఇంట్లో అన్నం గిన్నె అడుగు తెల్లగా, నీళ్ల కాగు అడుగు నల్లగా ఉన్నాయి.

“రెండు పొయ్యిలూ వాడుతున్నారా పిన్నీ?” అన్నాను.

“అన్నం, కూర గ్యాసు మీదే నాయనా. స్నానాల నీళ్లకు కట్టెలే. అంత గ్యాసు యాడొస్తది?” అంది.

మా ఫారంలో ఒక్కటే ప్రశ్న ఉంది: ప్లాంటు వాడుతున్నారా, లేదా? అవునని టిక్కు పెడితే కట్టెలు పూర్తిగా మానేసినట్టే లెక్కలోకి పోతుంది. ఆమె మాటను ఉన్నదున్నట్టు ఫారం అంచున రాశాను. ఈ క్రెడిట్ల మీద నియంత్రణ ఏ స్థాయిలో ఉండాలని ఎవరడిగినా నేను ఆ కాగు అడుగునే చూపిస్తాను.

లెక్కల చిక్కు మా ఊళ్లోనే కాదు. పేడతో చేసిన ఇంధనానికి భారీగా క్రెడిట్లిచ్చే చోటు అమెరికాలోని కాలిఫోర్నియా. అక్కడి పెద్ద డెయిరీల్లో వేల ఆవుల పేడను నీళ్లతో కడిగి మడుగుల్లోకి వదులుతారు. గాలి తగలక ఆ పేడ కుళ్లి మీథేన్ పుడుతుంది. మడుగు మీద కవరు కప్పి, ఆ గ్యాసును శుద్ధిచేసి వాహనాలకు అమ్మితే, 2011 నుంచి అమలవుతున్న ఇంధన ప్రమాణం కింద ఆపిన మీథేన్‌కు కూడా క్రెడిట్ దక్కుతుంది. అందుకే ఆ ఇంధనపు కార్బన్ లెక్క సున్నా కంటే కిందికి దిగుతుంది. మడుగు పెట్టి మీథేన్ పుట్టించినవాడికే దాన్ని ఆపినందుకు డబ్బా, దీనివల్ల డెయిరీలు ఇంకా పెద్దవి కావా అని అక్కడివాళ్లు నిలదీశారు. 2024 నవంబరులో ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు నిబంధనలు మార్చింది. 2029 దాటాక పనులు మొదలుపెట్టే ప్రాజెక్టులకు ఆ ప్రత్యేక క్రెడిట్ 2040తో ఆగిపోతుంది.

ఆ మడుగు లెక్క మా దిబ్బకు అతకదు. పేడలోంచి రాగల మీథేన్‌లో వేడి ప్రాంతపు మడుగు 80 శాతం దాకా వదిలితే, దిబ్బ వదిలేది 5 శాతమేనని వాతావరణ మార్పులపై అంతర్జాతీయ నిపుణుల బృందం ఐపీసీసీ 2006 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి మన దగ్గర మీథేన్ ఆపామని చెప్పుకోగలిగింది తక్కువ. న్యాయంగా రావాల్సిన క్రెడిట్ ప్రధానంగా కట్టెలు, కిరోసిన్ మానినందుకే. కర్ణాటకలో తెలుగు మాట్లాడే బాగేపల్లి ప్రాంతంలో కూలీ సంఘాల కుటుంబాలకు 5,500 దీనబంధు ప్లాంట్లు కట్టే ప్రాజెక్టు 2005 డిసెంబరులో క్యోటో ఒప్పందం కింద నమోదైంది. అందులో ప్లాంటుకు ఏటా సుమారు మూడున్నర టన్నుల లెక్క వేశారు.

కట్టెల లెక్కా తేలిక కాదు. అడవి నరికి తెచ్చిన కట్టె వేరు, ఏటా చేలో వచ్చే పత్తి కట్టె, మిరప కట్టె వేరు. సర్కారు తుమ్మ కొట్టిన చోటే మళ్లీ చిగురిస్తుంది. తిరిగి పెరిగే వంటచెరకు మానినందుకు క్రెడిట్ అడగడం సబబు కాదు. పైగా 2024లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు వంటగ్యాసు సిలిండర్లు ఉచితం. మరి ఆ ఇంట్లో గోబర్ గ్యాస్ వల్ల మిగిలింది కట్టెలా, సిలిండరా? పాత వంటచెరకు సర్వే పట్టుకుని కొత్త క్రెడిట్లు ఇస్తే అది అబద్ధమే అవుతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది లీకు. రెండు ఘనపు మీటర్ల గ్యాసులో రోజుకు దాదాపు 800 గ్రాముల మీథేన్ ఉంటుంది. గుమ్మటం పగిలో, పైపు వదులయ్యో అందులో పదో వంతు పోతే, ఏడాదికి 29 కిలోలు. మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు వేడి పెంచుతుందన్న లెక్కన అది 800 కిలోలు దాటుతుంది. బాగేపల్లి లెక్కలో దాదాపు నాలుగో వంతు కరిగిపోయినట్టే. పైపు జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తే లీకున్న చోట బుడగలొస్తాయి. ఐదు నిమిషాల పని, ప్రతి ఇంట్లోనూ తప్పనిసరి చేయాలి.

2023 జూన్‌లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చే ప్రాజెక్టులకూ ఆ ఏడాది డిసెంబరులో చోటు కల్పించింది. పేడ గ్యాసుకు నియమాలు రాసేవాళ్లను నేను కోరేది ఇది: దిబ్బ ఉన్న ఊళ్లో మడుగు లెక్క కట్టవద్దు. ఇంట్లో రెండో పొయ్యి ఉంటే ఆ వాటా తీసేయండి. లీకును మినహాయించండి. వంటచెరకు సర్వే తరచూ మళ్లీ చేయించండి. ఇంత గట్టిగా ఉంటే క్రెడిట్లు తగ్గుతాయని ప్రాజెక్టులవాళ్లు అంటారు. తగ్గనివ్వండి. దొంగ లెక్కలు బయటపడిన రోజున కొనేవాళ్లు వెనక్కి పోతారు, అప్పుడు రోజూ 50 కిలోల పేడ చేత్తో కలిపిన ఆడమనిషి కష్టానికీ ధర ఉండదు. మిగిలిన ప్రతి క్రెడిట్ ఎంతకు అమ్మారో, అందులో ఆమె వాటా ఎంతో ఆమె బ్యాంకు పాసుబుక్కులో కనిపించాలి.