పులుపు, పొగ, మన పళ్ళు



ఈ వారం పళ్ళ గురించి రాస్తున్నాము. అయ్యగారికి ఇంకేమీ దొరకలేదా అని నవ్వకండి. ఇందులో మేము మీ ముందు ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది.

పోయిన ఏడాది సంఘ వార్షికోత్సవం ఫోటోలను మన యౌవనస్థులు గ్రూపులో పెట్టారు. అందులో మేము, అమ్మగారు పక్కపక్కన నిలబడి నవ్వుతున్నాము. ఇద్దరి పళ్ళూ పాత గోడ రంగులో ఉన్నాయి. ఇద్దరమూ అరవై దాటాము. రోజుకు నాలుగు ఇళ్ళకు ప్రార్థనకు వెళ్తే నాలుగు టీలు తప్పవు. వద్దంటే ఆ ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. పరిచర్య అంతా పళ్ళమీదే కనబడుతోందని నవ్వుకున్నాము. నవ్వుకున్నాము గాని, మరుసటి ఆదివారం నుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడసాగాము.

అప్పుడు ఫోనులో ఒక వీడియో చూశాము. నిమ్మరసం, ఉప్పు కలిపి వారం రోజులు తోమితే పళ్ళు ముత్యాలవుతాయట. తోమాము. నాలుగు రోజులకు తెల్లబడినట్టే అనిపించింది. ఆ సంతోషంలో శుక్రవారం స్త్రీల కూడిక అయ్యాక ఆ చిట్కా అందరికీ చెప్పేశాము. నిజం చెప్పాలంటే ఆ రోజు వాక్యముకంటె చిట్కానే ఎక్కువ శ్రద్ధగా విన్నారు.

రెండు వారాలు తిరగకుండానే మాకు చల్లని నీళ్ళు తాగితే నరం లాగినట్టు జివ్వుమనడం మొదలైంది. అదే సమయంలో సముద్రం వైపు వీధిలో ఉండే ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. చేపల బుట్ట మోసి పిల్లలను పెంచిన మనిషి.

"అయ్యగారండీ, గాజువాకలో మనవరాలి పెళ్ళి. పెళ్ళికొడుకుది స్టీల్ ప్లాంట్లో ఉజ్జోగం. అందరూ ఫోటోలు తీత్తారు. ఈ పళ్ళతో నానెల్తే గుంటకి నామోషీ. మీరు సెప్పినట్టే తోమేను. నోరంతా మండిపోతంది."

"కొంచెం ఓర్చుకోమ్మా, అదే తగ్గుతుంది" అన్నాము. ఇదే మేము ఒప్పుకోవలసిన తప్పు. తెలియని వైద్యం చెప్పడం ఒకటి, మంట అన్న మనిషిని ఓర్చుకోమనడం రెండు.

ఎలాగూ మా పళ్ళ కోసం పట్నం వెళ్ళాలి గనుక ఆమెను కూడా తీసుకెళ్ళాము. పళ్ళ డాక్టరు గారు ముందు మమ్మల్ని చూసి, ఏమి పెట్టి తోమారని అడిగారు. చెప్పాము. ఆయన కోప్పడలేదు గాని ఒక మాట అడిగారు: "పోర్టు పక్కన పాత ఊళ్ళో ఇళ్ళు చూశారా? బొగ్గు దుమ్ము, ఖనిజం దుమ్ము పడి సున్నం గోడలు మాసిపోతాయి. అది పైమురికి. కడిగితే చాలావరకు పోతుంది. మురికి పోలేదని గోడను గీకేస్తే ఏమవుతుంది? సున్నం రాలిపోయి ఇటుక బయటపడుతుంది. ఇటుకను ఎంత తోమినా తెల్లబడదు కదా."

పన్ను సంగతీ అంతేనట. పైన ఎనామిల్ అనే గట్టి పొర ఉంటుంది. దాని కింద డెంటిన్ అనే పొర పుట్టుకతోనే పసుపు రంగులో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ పైపొర అరిగి పలచబడుతుంది, లోపలి పొర మందమవుతుంది. అందుకే శుభ్రంగా తోముకునేవారికీ పెద్దతనంలో పళ్ళు పచ్చబడతాయి. జుట్టు నెరిసినట్టే అదీ. నోటిలో పులుపు 5.5 పీహెచ్ కంటె కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2, 2.5 దగ్గర ఉంటుంది. పులుపు మెత్తబరచిన పొరను మేము ఉప్పురాళ్ళతో గీకాము. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. అంటే పసుపు పోగొడదామని చేసిన పని పసుపునే ఇంకా బయటికి తెస్తుంది.

తరువాత ఆ తల్లి వంతు. డాక్టరు గారు పళ్ళను ఒక్క నిమిషమే చూశారు. తల వెనక్కి వంచమని, లైటు పెట్టి అంగిలిని చాలాసేపు చూశారు. "అడ్డపొగ తాగుతావామ్మా?" అన్నారు. ఆమె మా వైపు చూసి తల దించుకుంది.

మన తీరం వాళ్ళకు అడ్డపొగ గురించి చెప్పనవసరం లేదు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోటిలో పెట్టుకొని పీల్చడం. సముద్రపు గాలికి ఆరిపోదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. తల్లిని చూసి కూతురు నేర్చుకుంది. ఆ నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. తీరాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు, ఈ అలవాటుకు ఉన్న సంబంధం గురించి వైద్యులు 1957లోనే రాశారు. 1971లో మన పక్క శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించిన అధ్యయనం వెలువడింది. వారిలో పదిమందికి నలుగురు అడ్డపొగ తాగేవారే.

ఆమె అంగిలి మీద తెల్లని మచ్చ మందంగా పేరుకొని ఉంది. దాని మధ్య ఎర్రని చుక్కలు. కేజీహెచ్‌లో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేవరకు మాకు నిద్ర లేదు. ఆమె నలభై ఏళ్ళుగా తాగుతోంది. మేము బల్ల దగ్గర నిలబడి పొగతాగేవారిని గద్దించిన ప్రతిసారీ ఆమె ఇంకా లోపలికి దాచుకుంది. మందిరానికి వచ్చే ముందు పళ్ళు గట్టిగా తోముకునేదట, మాకు వాసన రాకూడదని. మంట పుట్టినా, మచ్చ ఉన్నా ఎవరికీ నోరు తెరిచి చూపలేదు. మేము ఆమె పళ్ళ పసుపు చూశాము గాని అంగిలి తెలుపు చూడలేదు.

ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదు, కానీ చుట్ట మానకపోతే అటు దారితీయవచ్చు, మానేశాక కూడా క్రమం తప్పక చూపించుకోవాలి అన్నారు. దేవునికి స్తోత్రము.

సామెతలు 10వ అధ్యాయము 26వ వచనములో సొలొమోను పంటికి పులుపు చేసే బాధను, కంటికి పొగ చేసే బాధను పక్కపక్కనే పెట్టాడు. సోమరితనం గురించి ఆ వచనము మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. పులుపు నిజంగా పంటిని తింటుందని ఆ కాలమువారికే తెలుసునన్న సంగతి మాత్రం మాకు తోచలేదు.

ఇప్పుడు ఆ శుక్రవారం చిట్కాకు బదులుగా, డాక్టరు గారు చెప్పినవి రాస్తున్నాము.

1. నిమ్మకాయ, ఉప్పురాయి, బొగ్గు, ఇటుకపొడి, బూడిదలతో పళ్ళు తోమవద్దు. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత, ఉదయమూ రాత్రీ రెండేసి నిమిషాలు, గట్టిగా రుద్దకుండా. ఇంట్లో చేయగలిగిన తెలుపు ఇంతవరకే.

2. టీ తాగాక నీళ్ళతో పుక్కిలించండి. పులుపు తిన్నాక, కూల్‌డ్రింక్ తాగాక వెంటనే తోమకండి. అరగంట ఆగండి.

3. గట్టిపడిన గార బ్రష్‌కు రాదు, డాక్టరు తీయాలి. గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయని భయపడతారు. నిజానికి చిగురును పాడుచేసి పన్నును కదిలించేది ఆ గారే. తీశాక సందులు కనబడేది, అంతవరకు గార వాటిని పూడ్చి ఉంచింది గనుక.

4. ఇంకా తెల్లబడాలంటే డాక్టర్లు పెరాక్సైడ్ మందు వాడతారు. కొన్నాళ్ళు జివ్వుమనవచ్చు. కట్టించుకున్న పళ్ళు, సిమెంటు పెట్టిన చోట్లు దానితో మారవు. ఒక్క పన్ను మాత్రమే నల్లబడితే అది వయసు కాదు, లోపల నరం చచ్చి ఉండవచ్చు. చూపించండి.

5. నెలకొకసారి అద్దం ముందు నోరు తెరవండి. తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, రెండు వారాలకూ మానని పుండు గాని ఉంటే ఆలస్యం చేయవద్దు. కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 ఉచిత ఫోను ఉంది.

ఆ తల్లి ఒక్కరోజులో మానలేదు. రెండుసార్లు మళ్ళీ వెలిగించింది. రెండుసార్లూ తానే వచ్చి చెప్పింది. ఈసారి మేము గద్దించలేదు. ఇప్పటికి ఏడు నెలలుగా ముట్టలేదు. మచ్చ కొంత పలచబడిందని పోయినసారి డాక్టరు గారు అన్నారు.

గాజువాక పెళ్ళికి మేమూ వెళ్ళాము. గార తీయించుకుంది గాని ఆమె పళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఫోటో తీసేటప్పుడు అలవాటుగా చెయ్యి నోటి దగ్గరకు వెళ్ళింది. మనవరాలు ఆ చెయ్యి పట్టుకొని దించేసింది.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మేము, అమ్మగారు మందిరంలోనే ఉంటాము. చుట్ట గాని, బీడీ గాని, ఖైనీ గాని దాచుకొని ఉన్నవారు వచ్చి చెప్పండి. ఒక్క మాట అనము. పట్నం తీసుకెళ్ళే ఆటో ఖర్చు మాది.

ప్రభువు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.