ఉప్పల్ దీపాల కింద

మీరెప్పుడైనా మ్యాచి ఉన్న రోజున ఉప్పల్ వెళ్ళారా? వెళ్ళకపోతే మంచిపనే చేశారు. వరంగల్ రోడ్డూ రింగురోడ్డూ కలుసుకునే ఆ కూడలిని మామూలు రోజునే దాటడం గగనం. నెత్తిమీద మెట్రోరైలు, దానికింద బస్సులు, బస్సుల సందుల్లో ఆటోలు, ఆటోల సందుల్లో నీలిచొక్కాల కుర్రకారు!

నేను వెళ్ళింది ఆటకోసం కాదు, నాచారంలో మా పెదనాన్నగారిని చూడడానికి. కృష్ణాజిల్లా నుంచి వచ్చి, ఇక్కడి కార్ఖానా ఒకదానిలో లేతుమిషను మీద ఏళ్ళతరబడి పనిచేశారాయన. 1976లో ఎన్.టి. రామారావుగారు నాచారంలో స్టూడియో పెట్టిన రోజుల కబుర్లు ఆయన దగ్గర బోలెడున్నాయి. ఇప్పుడు తొంభై దాటాయి. చూపు మందగించింది గాని చెవులు పాముచెవులు.

"ఇవాళ ఆటట గదా, ఆ దీపాలైనా చూపించరా అబ్బీ" అన్నారు. సరేనని ఆటో ఎక్కించాను.

ఈ స్టేడియంలో 2005 నవంబరులో మొదటి వన్‌డే, 2010 నవంబరులో న్యూజిలాండుతో మొదటి టెస్టు జరిగాయి. అంతకుముందు ఊరి క్రికెట్టంతా ఫతేమైదానంలోనే. పెదనాన్నగారిని ఆ మెట్లెక్కించడం నావల్ల కాదు. బయటే ఒక టీకొట్టు బల్లమీద కూర్చున్నాం. లోపల వేలమంది ఒక్కసారిగా హోరెత్తారు. పెదనాన్నగారి చేతిలో గ్లాసు వణికింది.

"అంతా లేచి నిలబడ్డారు కాబోలు" అన్నారు.

ఆమాటతో నాకు ఎక్కడో చదివిన కథ గుర్తొచ్చింది, చెప్పాను. ఐరోపాలో యుద్ధం ముగిసి పట్టుమని రెండు వారాలు కాలేదు. 1945 మే 19న లండనులో లార్డ్స్ మైదానంలో ఇంగ్లండుకూ, సైన్యంలో ఉన్న ఆస్ట్రేలియా ఆటగాళ్ళకూ పోటీ మొదలయింది. గ్రాహం విలియమ్స్ అనే ఆస్ట్రేలియా బౌలరు నాలుగేళ్ళు జర్మనుల చెరలో మగ్గి అప్పుడే విడుదలయ్యాడు. చిక్కి శల్యమైన ఆ మనిషి బ్యాటు పుచ్చుకుని వస్తూంటే జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ జట్టే ఏడాది చివర మన దేశం వచ్చి బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో ఆడింది. మద్రాసులో రూసీ మోడీ 203 పరుగులు చేయగా మనవాళ్ళు గెలిచారు.

అసలు యుద్ధం జరుగుతుండగానే మన దేశంలో ఆటలు ఆగలేదు. 1945 మార్చిలో బొంబాయిలో రంజీ ఫైనలు. హోల్కర్ జట్టుకు నాయకుడు సి.కె. నాయుడు, నాగపూరులో పుట్టిన మన తెలుగాయన, వయస్సు ఏభైకి చేరువ. సైనికోద్యోగంమీద ఇండియా వచ్చిన డెనిస్ కాంప్టన్ ఆయన జట్టులో ఆడి 249 చేసి అజేయంగా నిలిచాడు. అయినా 374 పరుగుల తేడాతో బొంబాయిదే గెలుపు. రెండు జట్లూ కలిసి చేసినవి 2078 పరుగులు! లెక్క రాసినవాడి చేతులు ఎంత నొప్పిపుట్టాయో.

ఇదంతా హుషారుగా చెప్పుకుపోతున్నాను. పెదనాన్నగారు అడ్డుపడ్డారు.

"ఏ నెలన్నావు?"

"మార్చి."

"అన్నయ్య బర్మాలో ఉన్నాడప్పుడు."

నా గొంతులో మాట ఆగిపోయింది. మద్రాసు వెళ్ళి సైన్యంలో చేరిన ఆ పెద్దాయన ఫోటో మా ఇంట్లో చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. బొంబాయిలో పరుగుల వాన కురిసిన ఆ మార్చిలోనే, 20వ తేదీన, మాండలే మన సైన్యాల వశమయింది. యుద్ధమైతే ముగిసింది గాని ఆయన ఇంటికి రాలేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకెన్నడూ తోచనేలేదు.

"వచ్చినవాడికి లేచి నిలబడ్డారు, బాగానే ఉంది. రానివాళ్ళ సంగతేమిటిరా?"

ఏం చెప్పను? హెడ్లీ వెరిటీ పేరు చెప్పాను. 1934లో మద్రాసు టెస్టులో నాయుడుగారి జట్టుమీద పదకొండు వికెట్లు తీసిన ఇంగ్లండు బౌలరు. సిసిలీలో గాయపడి శత్రువులకు చిక్కి, 1943 జూలై 31న ఇటలీలో ప్రాణం విడిచాడు.

"అయితే ఆ దేశంలోనూ ఒక ఇల్లు ఎదురుచూసిందన్నమాట" అన్నారు పెదనాన్నగారు.

మళ్ళీ హోరు. ఈసారి ఆయన నా భుజం పట్టుకుని మెల్లగా లేచారు. వెళదామంటారేమోనని చిల్లర తీశాను. కాదు, ఆయన స్టేడియం వైపు తిరిగి, దీపాలకేసి మసకచూపు సారించి, అలాగే నిలబడ్డారు. టీకొట్టు అబ్బాయి ఏమిటన్నట్టు చూశాడు. నేనూ గ్లాసు కిందపెట్టి లేచాను.

నాచారం తిరిగి వెళ్ళేటప్పుడు ఆటోలో అడిగారు: "ఆ విలియమ్స్ ఎన్ని చేశాడు?"

"ఏభై దాటాడు."

"అన్నయ్యకు క్రికెట్టు రాదు. చెడుగుడు ఆడేవాడు. కూతకొస్తే ఒక పట్టాన దొరికేవాడు కాదు."