అమ్మ హారతికి మిస్సమ్మ వరస

మీ ఇంట్లో సినిమా పాటల గురించి ఎప్పుడైనా పోట్లాట జరిగిందా? మా ఇంట్లో మొన్నటి శ్రావణ శుక్రవారం నాడు జరిగింది. నేను వంటింట్లో పూర్ణం బూరెలు వేయిస్తున్నాను. హాల్లో మా అబ్బాయి ఫోన్లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లోని ‘అబ్బనీ తీయని దెబ్బ’ పాట పెట్టాడు. మావారు పేపరు మడిచి పక్కన పెట్టి, “ఇది హిందీలో ‘ధక్ ధక్’ పాటరా. మనవాళ్లు కాపీ కొట్టారు” అని తీర్పు చెప్పేశారు.

నాకు ఒళ్లు మండింది. జల్లిగరిట చేత్తో పట్టుకునే బయటికి వచ్చాను. “మన సినిమా 1990లో వచ్చింది. ఆ హిందీ పాట ఉన్న ‘బేటా’ 1992లో వచ్చింది. ముందు ఎవరో, వెనక ఎవరో మీరే లెక్క చూసుకోండి” అన్నాను. ఇంటరుతో చదువు ఆపేసినా పాటల విషయంలో నన్ను మాత్రం ఎవరూ తప్పు పట్టలేరండీ!

నిజానికి ఆ బాణీ ఇళయరాజాగారిది. బాలుగారు, చిత్రగారు పాడారు. హిందీలో అదే బాణీ ఆనంద్-మిలింద్ పేరు మీద వచ్చి దేశమంతా మోగిపోయింది. పాడిన అనురాధా పౌడ్వాల్ గారికి ఫిల్మ్‌ఫేర్ అవార్డు కూడా వచ్చింది. అంతకుముందు 1989లో వచ్చిన ‘గీతాంజలి’లోని ‘ఓ ప్రియా ప్రియా’ సంగతీ ఇంతే. మరుసటి ఏడాది ‘దిల్’ అనే హిందీ సినిమాలో ఆ పిలుపుతో సహా వినిపించింది.

మావారు ఊరుకుంటారా? “మనవాళ్లు మాత్రం ఎప్పుడూ తీసుకోలేదా?” అన్నారు. తీసుకున్నారు, కాదనను. అయితే అన్నిటినీ ఒకే గాట కట్టకూడదు. నాకు తెలిసినంతలో ఇది మూడు రకాలు.

మొదటిది, కథతో పాటు బాణీ కూడా వెళ్లడం. 1955లో ‘మిస్సమ్మ’ వచ్చింది. సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతం. దాన్నే ఎల్.వి. ప్రసాద్ గారు 1957లో ‘మిస్ మేరీ’ పేరుతో హిందీలో తీశారు. అక్కడ సంగీతం హేమంత్ కుమార్ గారిది. అయినా మన ‘బృందావనం’ పాట బాణీని మాత్రం అలాగే ఉంచారు. లతాజీ, రఫీగారు పాడారు. అలాగే హిందీ ‘గీత్’ (1970) సినిమాని తెలుగులో ‘ఆరాధన’ (1976)గా ఎన్.టి. రామారావుగారు, వాణిశ్రీగారితో తీసినప్పుడు, అక్కడ రఫీగారు పాడిన బాణీలోనే ఇక్కడా ఆయన చేతే పాడించారు. దీన్ని దొంగతనం అంటామా? అనం. ఆడపిల్లతో పాటు సారె పంపినట్టు, కథతో పాటు పాట వెళ్లింది.

రెండోది రాగం కలవడం. ‘మాయాబజార్’ (1957)లోని ‘లాహిరి లాహిరి’ మోహన రాగం. ‘ఘర్షణ’ (1988)లోని ‘నిన్నుకోరి వర్ణం’ కూడా మోహనే. రెండింటికీ ఉన్నవి అవే అయిదు స్వరాలు. కానీ ఒకటి వెన్నెల్లో పడవ షికారు, ఇంకొకటి కుర్రతనం ఉరకలు. బియ్యప్పిండి ఒకటే అయినంత మాత్రాన జంతికలూ, చెక్కలూ ఒకటవుతాయా? పోలిక తగలగానే కాపీ అనేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

మూడోది, ఒకరు కట్టిన బాణీ తెచ్చుకుని, వాళ్ల పేరు ఎక్కడా వేయకపోవడం. పక్కింటి పిన్నిగారి దగ్గర నేర్చుకున్న పులిహోర నలుగురికీ వడ్డించి, “నేనే కనిపెట్టాను” అన్నట్టన్నమాట. పులిహోర రుచిగానే ఉంటుంది. పిన్నిగారికి మాత్రం మనసు చివుక్కుమంటుంది.

ఇంత వాదించాక బూరెల దగ్గరికి వెళ్లానా, అక్కడ నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నూనె కాగుతుంటే అలాగే నిలబడిపోయాను.

1991లో నేను ఎనిమిదో తరగతి. మా అమ్మ ఏటా వరలక్ష్మీ వ్రతానికి తను సొంతంగా రాసుకున్న మంగళహారతి పాడేది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి, అమ్మవారి మీద నాలుగు చరణాలు రాసుకుంది. ఆ ఏడు పేరంటాళ్లంతా కూర్చుని ఉండగా అమ్మ హారతి అందుకుంది. అంతకు రెండు రోజుల ముందే నేను రేడియోలో ‘మిస్సమ్మ’ పాట విన్నాను. ఏదో పెద్ద కనిపెట్టినదానిలా, “అమ్మా, ఇది సినిమా పాట వరస! కాపీ కొట్టావు!” అని అరిచాను. అందరూ ఘొల్లున నవ్వారు. అమ్మ గొంతు తగ్గించి ఎలాగో పూర్తి చేసి, అందరికీ పసుపు రాసి, శనగలు వాయినం ఇచ్చి పంపింది. నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడాది నుంచి ‘క్షీరాబ్ధి కన్యకకు’ పాడేది. తన హారతి మళ్లీ పాడలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. తెనాలిలో అన్నయ్య దగ్గర ఉంటుంది. “అమ్మా, నీ హారతి పాట గుర్తుందా?” అన్నాను.

“ఇప్పుడెందుకే అమ్మాయ్? గొంతెక్కడుంది?” అంది.

“అప్పుడు నేను అలా అనకుండా ఉండాల్సింది” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “వరస నేనేం దాచుకోలేదే. పుస్తకంలో రాసిపెట్టాను. వచ్చినప్పుడు చూడు” అంది.

తర్వాతి వారం వెళ్లాను. బీరువాలో అడుగున, పాత పట్టుచీర మడతలో ఉందా నోటుపుస్తకం. అట్ట ఊడిపోయింది. హారతి పైన అమ్మ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: ‘వరస: మిస్సమ్మలో బృందావనం పాట’. తక్కిన పాటల మీద కూడా అంతే, ఏ సినిమా వరసో, ఏ మేనత్త దగ్గర నేర్చుకుందో అన్నీ రాసింది. ఇంకొకరి పేరు చెప్పడం ఎలాగో అయిదో తరగతి చదివిన అమ్మకి తెలుసు. ఎనిమిదిలో ఉన్న నాకు తెలియలేదు.

అడగ్గా అడగ్గా అమ్మ రెండు చరణాలు పాడింది. మూడో చరణం దగ్గర దగ్గు అడ్డొచ్చింది. పుస్తకం చూసి మిగిలింది నేను పాడాను. వరస తప్పానని మధ్యలో రెండుసార్లు ఆపి దిద్దింది కూడా! నాకు అదే సంతోషం.

భజన పాటలైనా, అప్పగింతల పాటలైనా మన ఆడవాళ్లు ఎందరో సినిమా వరసల్లో కట్టుకున్నారు. మీ అమ్మగారో, అత్తగారో అలా పాడుతుంటే నవ్వకండి. కూర్చోబెట్టి పాడించుకోండి. మాటలతో పాటు పైన ఆ వరస ఎక్కడిదో కూడా రాసిపెట్టండి. రాగం తెలియకపోయినా పర్వాలేదు, సినిమా పేరు చాలు. వచ్చే శ్రావణానికి మా ఇంట్లో ఆ హారతే. మావారికి ఇప్పుడే చెప్పి ఉంచాను, ఆ పూట ఏది ముందు, ఏది వెనక అని ఎవరూ నోరెత్తకూడదని.