గాజుతొట్టిలో పొత్తు

తిరుపతిలో రంగుచేపల కొట్టు ముందు ఆగినప్పుడల్లా నా కళ్లు మొదట గుండ్రటి గాజు గిన్నెల మీదికే పోతాయి. వాటిలో గోల్డ్‌ఫిష్ కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. అది జానెడు దాకా పెరిగే చేప, చల్లటి నీళ్లు కోరే చేప. మన చిత్తూరు ఎండలకు గిన్నెలో నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడది పైకొచ్చి నోరు తెరిచి గుటకలేస్తుంది.

'షార్క్' అని అమ్మే వెండిరంగు పిల్లది ఇంకా అన్యాయం. అది కోస్తా చెరువుల్లో పెంచే పంగాసియస్సే, మూడడుగులు దాటగలదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది దాదాపు 56 లీటర్లు. అందులో అది ఎటు తిరగాలి?

గిన్నెలకు తెల్లపొర కట్టే బోరునీళ్లు గప్పీలకు, మోలీలకు బాగా పడతాయి. నియాన్ టెట్రాలకు మెత్తటి నీళ్లుండాలి, గుంపూ ఉండాలి. ఏంజెల్‌ను పక్కన వేస్తే, అది ఎదిగాక నియాన్లు ఒక్కొక్కటే మాయమవుతాయి. మగ ఫైటర్లు రెండింటిని ఒకే తొట్టిలో వేయనే కూడదు, చచ్చేదాకా కొట్టుకుంటాయి.

ఆ 56 లీటర్లలో నేనైతే గప్పీలే వేస్తాను. మగదొకటికి ఆడవి రెండు మూడు చొప్పున ఉండాలి. మగవి ఎక్కువైతే ఆడవాటిని ఊపిరాడనీకుండా తరుముతాయి.