పదమూడు ఎముకలు

జూలై 2, 2024

1937లో ఇదే రోజు న్యూగినీలోని లే నుంచి హౌలాండ్ దీవికని విమానంలో బయల్దేరిన పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ మళ్లీ కనబడలేదు. పొడవాటి ఎముకల క్లాసుకి ఈసారి నికుమరోరో దీవి ఎముకల కేసే తీసుకుందామనుకున్నాను.

1940లో ఆ దీవిలో కొత్తగా ఊరు కడుతున్న గిల్బర్ట్ దీవులవాళ్లకి ఒక పుర్రె దొరికితే పూడ్చిపెట్టేశారు. సంగతి తెలిసి బ్రిటిష్ అధికారి గెరాల్డ్ గల్లాఘర్ ఆ చోటంతా వెతికించాడు. మొత్తం 13 ఎముకలు దొరికాయి. పక్కనే చెప్పు అడుగు ముక్క, సెక్స్‌టంట్ పెట్టె, సీసా, మంట వేసిన ఆనవాళ్లు, చచ్చిన పక్షుల, తాబేలు అవశేషాలు. ఇయర్‌హార్ట్ కావచ్చునేమోనని పైవాళ్లకి టెలిగ్రాం కొట్టాడు. మిగతా ఎముకల్ని కొబ్బరి పీతలు ఈడ్చుకుపోయి ఉంటాయని ఆయన అనుమానం.

ఎముకల కంటే ముందే పేరు వచ్చి కూర్చుంది.

జూలై 4

తరావాలో డాక్టర్ ఐజాక్ చూసి, పాలినేషియన్ ముసలాయన అన్నాడు. 1941లో సువా మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ డాక్టర్ హుడ్‌లెస్ అవే ఎముకలు కొలిచి యూరోపియన్ గానీ, సగం యూరోపియన్ గానీ, బలిష్ఠుడైన మగవాడు, ఎత్తు అయిదడుగుల అయిదున్నర అంగుళాలు అన్నాడు. ఎండావానలకి నానిన ఎముకలు కాబట్టి వయసు గట్టిగా చెప్పలేనని కాస్త వెనక్కి తగ్గాడు. మగవాడనే విషయంలో మాత్రం తగ్గలేదు.

తర్వాత ఎముకలు పోయాయి. మిగిలినవి కాగితం మీద అంకెలే: భుజం ఎముక 32.4 సెం.మీ., రేడియస్ (ముంజేతి ఎముక) 24.5, టిబియా (మోకాలి కింది ఎముక) 37.2.

జూలై 5

రాత్రి కాలిక్యులేటర్ పెట్టుకుని టిబియా ఒక్కదాన్నించే ఎత్తు లెక్కేశాను. పియర్సన్ మగవాళ్ల సూత్రంలో 167 సెం.మీ. వచ్చింది. ట్రాటర్-గ్లెసర్ తెల్లజాతి ఆడవాళ్ల సూత్రంలో 169 దాటింది. ఎముక అదే. మగవాడంటే పొట్టి, ఆడమనిషంటే పొడుగు! పైగా కొలిచేటప్పుడు కింది మల్లియోలస్‌ని (చీలమండ దగ్గర పొడుచుకొచ్చిన కొసని) కలుపుకున్నారా వదిలేశారా అన్నదొక పేచీ. ట్రాటరే దాన్ని వదిలేసి కొలిచిందని 1995లో బయటపెట్టినవాళ్లలో రిచర్డ్ జాంట్జ్ ఒకరు. రేపు ఎముకలు కొలిచే బోర్డు మీద టిబియా పెట్టి రెండు రకాలుగానూ కొలిపించాలి. సెంటీమీటరు తేడా కళ్లతో చూస్తేగానీ పిల్లలు నమ్మరు.

జూలై 6

ఊహించిందే, మొదటి బెంచీలోంచి: "ఇంతకీ ఆవిడేనా మేడమ్?"

జాంట్జ్ 2018లో రాసిన వ్యాసం చెప్పాను. పోల్చిన గుంపులో 99 శాతం మంది కంటే ఇయర్‌హార్టే ఆ కొలతలకి దగ్గర అన్నాడు. ఆ 99 వినగానే క్లాసంతా తల ఊపింది. అది "99 శాతం ఆవిడే" అని కాదని చెప్పడానికి పావుగంట పట్టింది. ఆవిడ కొలతలు వచ్చింది ఫోటోల నుంచి, దాచి ఉంచిన పంట్లాం నుంచి. అంతకు మూడేళ్ల ముందే క్రాస్, రైట్ అనే ఇద్దరు హుడ్‌లెస్ మాటే సరైందని వాదించారు.

1929లో అదే దీవి అంచున నార్విచ్ సిటీ అనే ఓడ గుద్దుకుని 11 మంది పోయారు. వాళ్ల ఫోటోలు పెట్టి చేతులు కొలిచే తీరిక ఎవరికుంది? ప్రసిద్ధులకి కొలతలుంటాయి, కొలతలున్నవాళ్లతోనే పోలిక కుదురుతుంది. అనామకుడు ఆ వరసలో నిలబడనే లేడు. 99 శాతంలో నాకు తట్టిన లోటు అదే.

జూలై 7

ఇంటర్నల్ పరీక్షకి ప్రశ్న రాసేశాను. మూడు కొలతలూ ఇస్తాను. దీవి పేరు, మనిషి పేరు ఇవ్వను. ఎత్తు, లింగం, జాతి గురించి రిపోర్టు రాయాలి, ఏ సూత్రం ఎందుకు ఎంచుకున్నారో కూడా. "ఇంతకుమించి తేల్చలేం" అని కారణాలతో ముగించినవాళ్లకి పూర్తి మార్కులు.