యుద్ధం చేయని బ్రిగేడ్

భిలాయ్ టౌన్‌షిప్‌లో శ్రీకాకుళం యాసకు కొదవ లేదు. ఉక్కు కర్మాగారం పనికొచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. అంతకుముందు తరం మాత్రం వలసపోయింది తూర్పుకు. ఓడెక్కితే రంగూన్. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ దారి మూసుకుపోయింది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపైనా బాంబులు పడ్డాయి.

ప్లాంటులో ఫిట్టర్‌గా రిటైరైన ఒకాయనకు ఆ కథ ఇంకాస్త దగ్గరిది. ఆయన పెద్దక్కను అండమాన్‌లో స్థిరపడ్డ కుటుంబానికిచ్చారు. ఆమె మామగారి మాట ఆయనకిప్పటికీ గుర్తే: "రోడ్డేయమంటే ఏసేం బాబూ, ఇమానాలు దిగే జాగా సదును సెయ్యమంటే సేసేం. తిండి మాత్రం పెట్టనేదు."

1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగినప్పుడు ఎదిరించినవాళ్లు దాదాపు లేరు. బ్రిటిష్ సైన్యం ఎప్పుడైనా తిరిగి రావచ్చన్న అంచనాతో 1944లో అక్కడ 35వ స్వతంత్ర మిశ్రమ బ్రిగేడ్‌ను ఏర్పాటు చేశారు. పదాతి, ఫిరంగి దళాలను ఒకే అధికారి కింద ఉంచి, బయటి సాయం అందకున్నా దీవిని కాపాడాలన్నది ఇలాంటి బ్రిగేడ్ల ఉద్దేశం. సముద్రానికెదురుగా కాంక్రీట్ బంకర్లు లేచాయి. శత్రువు మాత్రం దండెత్తి రాలేదు. సరుకు ఓడలను ముంచేసి ఊరుకున్నాడు.

దాంతో కాపలా దళానికి చేతికందిన శత్రువు స్థానికుడే. అనుమానం అంతకుముందే మొదలైంది. జలాంతర్గామిలో వచ్చి వెళ్లిన అసలు బ్రిటిష్ గూఢచారులు చిక్కలేదు. భారత స్వాతంత్ర్య లీగ్ స్థానిక నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్ చిక్కారు. సెల్యులర్ జైల్లో చిత్రహింసలకు గురై 1944 జనవరి 14న మరణించారు. అంతకు పక్షం రోజుల ముందే సుభాష్ చంద్రబోస్ అదే ఊళ్లో త్రివర్ణ పతాకం ఎగరేసి వెళ్లారు. లోపలి సంగతి ఆయన దాకా పోకుండా జపాన్ అధికారులు జాగ్రత్తపడ్డారంటారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు. వారిలో ఎక్కువ మంది లీగ్ సభ్యులే. 'ఆసియా ఆసియా వాసులదే' అంటూ వచ్చినవారి చేతిలో, వారిని నమ్మినవాళ్లే ముందు పోయారు.

తర్వాత ఆకలి వంతు. కూరగాయల తోటలు, కోళ్లు, పశువులు సైనికుల పాలయ్యాయి. 1945 ఆగస్టులో, యుద్ధం ముగిసిపోతుండగా, పనికిరానివారంటూ వందల మందిని పడవలెక్కించి హేవ్‌లాక్ దగ్గర సముద్రంలోకి తోసేశారు. ఒడ్డుకు చేరినవారిలోనూ చాలామంది తిండి లేక చనిపోయారు. బతికి బయటపడ్డవారు అతికొద్దిమంది. బ్రిగేడ్ అక్టోబర్‌లో పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో లాంఛనంగా లొంగిపోయింది.

2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. కూలీలు చదును చేసిన రన్‌వేను తర్వాత పొడిగించారు. కార్బిన్స్ కోవ్ దారిలో బంకర్లు అలాగే ఉన్నాయి. పర్యాటకులు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటారు.